రెండోసారి రాస్తే మచ్చ పడుతుందా?

చదువు సంగతులు: పాఠకుల ఉత్తరాలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు విప్పి చూస్తే ఎక్కువ భాగం ఒకటే గొడవ. అమెరికాలో ఎంఎస్ లాంటి పై చదువుల కోసం రాసే జీఆర్ఈ పరీక్ష మళ్లీ రాయవచ్చా, రాస్తే అక్కడి యూనివర్సిటీల వాళ్లు ఏమనుకుంటారు అని. నెల్లూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పుకునేదాన్ని. వీసాల సంగతి, లోన్ల సంగతి నన్ను అడగొద్దు, నాకు తెలియవు. ఈ పరీక్ష గురించి మాత్రం చెప్పగలను. నేనూ రెండుసార్లు రాసినదాన్నే.

*

"మేడమ్, మాది కావలి. ఈ ఏడాదే బీటెక్ సీఎస్ఈ పూర్తయింది. సీజీపీఏ 7.8. జూలైలో చెన్నై వెళ్లి జీఆర్ఈ రాశాను. 306 వచ్చింది. వెర్బల్ 146, క్వాంట్ 160, రైటింగ్ 3. డేటా సైన్స్‌లో ఎంఎస్ చేయాలని ఉంది. కోచింగ్ సార్ 315 లేకపోతే మంచి యూనివర్సిటీ రాదంటున్నారు. రూమ్మేట్ ఏమో, మళ్లీ రాస్తే రెండు స్కోర్లూ వెళ్తాయి, మొదటిసారి తప్పాడని రాసుకుంటారు అంటున్నాడు. పైగా పరీక్ష రోజే నాలుగు యూనివర్సిటీలకు స్కోరు పంపేశాను. ఫీజు 20 వేలు పైనే. మళ్లీ కట్టమని నాన్నను ఏ మొహంతో అడగను? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు."
— ఒక పాఠకుడు, కావలి

ముందు నిద్రపో నాయనా. జీఆర్ఈలో పాస్, ఫెయిల్ అనేవి లేవు. ఇంగ్లిష్ విభాగాన్ని వెర్బల్, లెక్కల విభాగాన్ని క్వాంట్ అంటారు. వెర్బల్‌కు 130 నుంచి 170, క్వాంట్‌కు 130 నుంచి 170, రైటింగ్‌కు సున్నా నుంచి 6. అంతే. తప్పడానికి అక్కడ గీతే లేదు.

మీ రూమ్మేట్ అబద్ధం చెప్పలేదు. పాతబడిపోయిన నిజం చెప్పాడు. ఆ నిజం నా కాలంలో నిజమే.

2007లో నేను మొదటిసారి రాశాను. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి, పెరంబూరులో పిన్ని ఇంట్లో పడుకుని, పొద్దున్నే మా నాన్న వెంట రాగా సెంటర్‌కు పోయాను. అప్పట్లో ఒక్కో విభాగానికీ 200 నుంచి 800. వ్యతిరేకపదాలు, పోలికలు అడిగేవాళ్లు. మూడున్నర వేల పదాల జాబితా ఒకటి చేతికిచ్చి బట్టీ పట్టమనేవాళ్లు. దాన్ని రేకు డబ్బాలో బియ్యం పోసినట్టు తలలో పోసుకున్నాను. పరీక్షలో కూర్చునేసరికి డబ్బా మూత రాలేదు. వెర్బల్ 390, క్వాంట్ 760.

తిరుగు రైల్లో సూళ్లూరుపేట దాకా మా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. గూడూరులో టీ తాగుతూ "మళ్లీ రాస్తావా?" అన్నారు. రాస్తానన్నాను. అప్పుడు నెల్లూరులో ఒక కన్సల్టెన్సీకి వెళ్లి అడిగితే, అక్కడి పెద్దమనిషి మాకు కుర్చీ అయినా చూపించకుండా, "అట్టా రెండుసార్లు రాస్తే మచ్చ పడిపోద్దమ్మా, ఉన్నదాంతోనే అప్లై చెయ్" అన్నాడు. ఆయనకు అప్పటికే నాలుగు చిన్న కాలేజీల పేర్లు సిద్ధంగా ఉన్నాయి. నేను వినలేదు. నవంబరులో మళ్లీ రాశాను. వెర్బల్ 480, క్వాంట్ 780 వచ్చాయి.

ఆ రోజుల్లో ఏ స్కోరు పంపాలో మన చేతిలో ఉండేది కాదు. ఐదేళ్లలో ఎన్నిసార్లు రాస్తే అన్నీ ఒకే కాగితం మీద పోయేవి. నా 390 కూడా నా 480 పక్కనే కూర్చుని అమెరికా వెళ్లింది. అయినా సీటొచ్చింది.

మచ్చ సంగతి నాకు అసలు తెలిసింది అక్కడికి వెళ్లాక. రెండో ఏడాది మా విభాగం ఆఫీసులో గంటల లెక్కన పని ఇచ్చారు. జనవరిలో వచ్చిన దరఖాస్తుల్లోని అంకెలను ఒక పట్టికలోకి ఎక్కించడం నా పని. సీజీపీఏకు ఒక గడి, క్వాంట్‌కు ఒకటి, వెర్బల్‌కు ఒకటి. మొదటి రోజే రెండుసార్లు రాసిన వాళ్ల కాగితాలు కట్టగా వచ్చాయి. ఏది ఎక్కించాలని అడిగితే అక్కడి పెద్దావిడ తల ఎత్తకుండానే "ఎక్కువది" అంది. అంతే. ఎన్నిసార్లు రాశారు అనడానికి ఆ పట్టికలో గడే లేదు. నేను వారం రోజులు భయపడి, ఆరు నెలలు ఏడ్చి, ఒక పెద్దమనిషి చేత మాటపడిన సంగతికి అక్కడ రాసుకునే చోటే లేదు! ఆ రోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అది ఒక్క విభాగం పద్ధతి. అన్నిచోట్లా అదే పద్ధతని చెప్పను. ఎక్కువ స్కోరు చూసేవాళ్లే ఎక్కువ. కొందరు ఆఖరిది చూస్తారు. కొందరు ఒక తేదీ క్వాంట్, ఇంకో తేదీ వెర్బల్ తీసుకుని మంచివి కలుపుకుంటారు. అరుదుగా రాసినవన్నీ పంపమనే విభాగాలూ ఉంటాయి. నువ్వు అప్లై చేసే ప్రోగ్రామ్ పేజీలో తరచూ అడిగే ప్రశ్నల కింద ఈ ముక్క ఉంటుంది. యూనివర్సిటీ పేజీ కాదు, విభాగం పేజీ చూడు. లేకపోతే విభాగానికి రెండు లైన్ల మెయిల్ రాయి. జవాబిస్తారు.

ఇక ఇప్పటి రూలు. 2012 జూలైలో ఈ పరీక్ష పెట్టే సంస్థ ఈటీఎస్ స్కోర్‌సెలెక్ట్ అనే పద్ధతి తెచ్చింది. అప్పటినుంచి ఏ తేదీ స్కోరు పంపాలో రాసినవాళ్ల ఇష్టం. పరీక్ష రోజున ఫీజులోనే నాలుగు చోట్లకు పంపుకోవచ్చు. అప్పుడు ఆ రోజుదైనా పంపవచ్చు, ఐదేళ్లలో రాసినవన్నీ అయినా పంపవచ్చు. తర్వాత డబ్బు కట్టి పంపేటప్పుడు ఇంకా వెసులుబాటు. ఆఖరిది, అన్నీ, లేదా నీకు నచ్చిన ఏదో ఒక తేదీది. నువ్వు పంపిన స్కోరే వాళ్ల కాగితంలో కనిపిస్తుంది. ఈ అబ్బాయి ఇంకోసారి కూడా రాశాడు అని ఎక్కడా ఉండదు. మీ రూమ్మేట్‌కు ఈ మాట చెప్పు. వాళ్ల అన్నో మామో 2010లో చెప్పిన మాట అతని దగ్గర ఇంకా తిరుగుతున్నట్టుంది. మన జిల్లాలో ఇలాంటి మాటలకు చావుండదు.

ఒక్క షరతు. ఒక తేదీ స్కోరు అంటే మొత్తం పోతుంది. జూలై క్వాంట్, అక్టోబరు వెర్బల్ అని ముక్కలు చేసి పంపరు.

నువ్వు పంపేసిన నాలుగు చోట్ల 306 ఉంటుంది, ఉండనీ. కొత్తది ఎక్కువ వస్తే అక్కడికి అదీ పంపు. నా 390 లాగే నీ 306 కూడా పక్కన కూర్చుంటుంది. ఆ నాలుగు పేర్లు తొందరలో నొక్కినవే అయితే, నిజంగా అక్కడే చేరాలనుకుంటున్నావా అని ఇంకోసారి ఆలోచించు. పరీక్ష అయిపోయిన అలసటలో, స్క్రీన్ మీద ఉచితం అని కనిపిస్తే చాలామంది నాలుగూ నింపేస్తారు. ఉచితంగా ఇచ్చే పల్లీలు అయినా పుచ్చు చూసుకుని తింటాం కదా.

ఇప్పుడు అసలు ప్రశ్న. మళ్లీ రాయాలా?

315 అన్న అంకెను పక్కన పెట్టు. కోచింగ్ సెంటర్ల వాళ్లకు ఎంసెట్ ర్యాంకుల అలవాటు పోలేదు. ఇంత వస్తే ఇది, అంత వస్తే అది అని గోడకు పట్టిక అంటిస్తారు. అమెరికాలో కౌన్సెలింగ్‌లో ర్యాంకు పిలిచినట్టు పిలవరు. ఒక్క జీఆర్ఈ గీత పెట్టి దరఖాస్తు తోసేయవద్దని ఆ పరీక్ష పెట్టే ఈటీఎస్సే యూనివర్సిటీలకు చెబుతుంది. ఒకటి రెండు పాయింట్ల తేడాను తేడాగా చూడొద్దని కూడా చెబుతుంది. స్టాటిస్టిక్స్ మనిషిగా నేనూ అదే అంటాను. అదే పిల్లవాడు అదే తెలివితో రెండు వారాల తేడాతో కూర్చుంటే రెండు పాయింట్లు అటూ ఇటూ పోవడం మామూలే. 306 నుంచి 308కి పోవడం కోసం 20 వేలు పెట్టొద్దు. ఆ రెండు పాయింట్లు నీ తెలివీ కాదు, కష్టమూ కాదు, అదృష్టం.

నీ అంకెల్లో నన్ను ఆపింది 160. డేటా సైన్స్ అంటున్నావు, మన దేశం నుంచి వెళ్లే ఇంజినీరింగ్ పిల్లల్లో క్వాంట్ 165 దాటేవాళ్లు బోలెడుమంది. వెర్బల్ 146ను యూనివర్సిటీల వాళ్లు క్షమించవచ్చు, ఈ కోర్సుకు 160 దగ్గర కాస్త ఆగుతారు. కాబట్టి ఆ 160 ఎందుకొచ్చిందో చెప్పగలిగితే మళ్లీ రాయి. చెప్పలేకపోతే వద్దు.

నీ ఉత్తరం చివర రాశావు, జాగా లేక పైన వేయలేదు. మొదటి క్వాంట్ సెక్షన్‌లో ఒక పటం ప్రశ్న దగ్గర ఇరుక్కుని, చివరి మూడూ చూడకుండానే టైమ్ అయిపోయిందని. జబ్బు దొరికింది. 2023 సెప్టెంబరు నుంచి పరీక్షను కుదించారు. మొత్తం 1 గంట 58 నిమిషాలు. క్వాంట్ మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండో దాంట్లో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. మొదటి సెక్షన్ ఎలా చేశావన్న దాన్నిబట్టి రెండోది సులువుగా ఇవ్వాలా, కష్టంగా ఇవ్వాలా అని కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మొదటిది పాడయితే రెండోది సులువుగా వస్తుంది. బాగా చేశానని సంబరపడతాం. కానీ సులువు సెక్షన్ ఎంత బాగా చేసినా పై అంకెలు అందవు. పరీక్ష పొడవుగా ఉన్న రోజుల్లో ఒక మూడు ప్రశ్నలు పోతే ఏదో సర్దుకునేది. ఇప్పుడు 12లో మూడు పోవడమంటే చెరువుకు గండి పడినట్టే.

ఇది తెలివికి సంబంధించింది కాదు, గడియారానికి సంబంధించింది. అందుకే బాగుపడుతుందని నా నమ్మకం. రెండు నిమిషాలు దాటిన ప్రశ్నకు గుర్తు పెట్టి వదిలేసి ముందుకు పో. సెక్షన్ లోపల వెనక్కి రావచ్చు. మా కాలంలో ఆ భాగ్యం లేదు, ఒక ప్రశ్న దాటితే దాటినట్టే. తప్పుకు మార్కు కోయరు కాబట్టి ఏ గడీ ఖాళీగా వదలొద్దు. ఆరు వారాలు పొద్దున పూట గడియారం ముందు పెట్టుకుని 12 ప్రశ్నలు, 21 నిమిషాలు, రోజుకు రెండు సెట్లు చెయ్. కొత్త మెటీరియల్ కొనకు. ఉన్నదాంట్లో తప్పులు ఒక నోట్‌బుక్‌లో రాసుకో. వెర్బల్ కోసం రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ సంపాదకీయం చదివి, రచయిత ఏమన్నాడో తెలుగులో మీ అమ్మకు చెప్పు. ఆమెకు అర్థమయితే నీకూ అర్థమయినట్టు.

పరీక్షకూ పరీక్షకూ మధ్య కనీసం 21 రోజులు ఉండాలి. 12 నెలల్లో ఐదుసార్లకు మించి రానివ్వరు. స్కోరు రావడానికి 8 నుంచి 10 రోజులు. చాలా ప్రోగ్రామ్‌లకు డిసెంబరు 15, జనవరి మొదటివారం అలా గడువులుంటాయి. అందుకని అక్టోబరు చివర్లో రాసేయి, నవంబరు 15 దాటనివ్వకు. ఆరు వారాల తర్వాత ఇంట్లో రాసిన మాక్ టెస్టుల్లో క్వాంట్ మూడుసార్లు వరుసగా 165 రాకపోతే ఫీజు కట్టకు. 306తోనే అప్లై చెయ్. మీ నాన్నను అడిగేటప్పుడు ఈ మాక్ స్కోర్లు ఆయన ముందు పెట్టి అడుగు. నేను మా నాన్నను అలా అడగలేదు, ఊరికే రాస్తానన్నాను, ఆయన ఊరికే నమ్మారు. అందరికీ అలాంటి నాన్నలుండరు.

*

"అమ్మా, మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు వేసుకునేవాళ్లం. అమ్మాయి జీఆర్ఈ మొదటిసారి రాస్తే 312 వచ్చింది. ఇంకా పెరుగుద్దని రెండోసారి రాయిస్తే 309 వచ్చింది. అన్నం సరిగా తినడం లేదు. తగ్గిన స్కోరు దాచిపెడితే మోసం అవుద్దా? మూడోసారి రాయించమంటారా?"
— ఒక తండ్రి

అన్నగారూ, మోసం కాదు. స్కోర్‌సెలెక్ట్ పద్ధతి పెట్టింది పరీక్ష పెట్టినవాళ్లే, యూనివర్సిటీలకూ తెలుసు. 312 తేదీ ఒక్కటే ఎంచుకుని పంపించండి. అప్లికేషన్ ఫారంలో రాసిన స్కోర్లన్నీ చెప్పమని ఎక్కడైనా స్పష్టంగా అడిగితే మాత్రం రెండూ రాయాలి. అక్కడ దాస్తేనే తప్పు. అలా రాసినా కొంప మునగదు, 312కి, 309కి మధ్య తేడా నిజానికి తేడా కాదని పైన కావలి అబ్బాయికి చెప్పాను, అమ్మాయికి చదివి వినిపించండి. ఆమె చదువు తగ్గలేదు. రెండుసార్లూ ఆమె అంతే ఉంది.

మీకు తెలిసిన మాటల్లో చెబుతాను. మా మేనమామది కొండపి వైపు. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడు ఆయన వెంట వేలం కేంద్రానికి పోయేదాన్ని. నోబిడ్ అయిన, అంటే ఎవరూ పాడని, పొగాకు బేలును ఇంటికి తెచ్చుకుని, విప్పి, ఆకు మళ్లీ గ్రేడ్ చేసి, ఇంకో రోజు పెట్టేవాడు. కొనేవాడు ఆ రోజు ముందున్న ఆకునే చూసేవాడు, తడి చూసేవాడు, రంగు చూసేవాడు. ఈ బేలు పోయిన వారం వెనక్కి పోయిందా అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. కానీ మామయ్య ఏమీ చేయకుండా అదే బేలును అలాగే మళ్లీ తీసుకెళితే మళ్లీ నోబిడ్డే. రెండోసారికి అమ్మాయి కొత్తగా ఏం చేసిందో అడగండి. ఏమీ మారకుండా రాసి ఉంటే 309 వచ్చినందుకు ఆశ్చర్యం లేదు.

మూడోసారి వద్దు. నా లెక్కలో రెండుసార్లు మామూలు, గట్టి కారణముంటే మూడు. నాలుగోసారి అంటే అది చదువు మీద ప్రేమ కాదు, పరీక్ష మీద ప్రేమ. ఆ 20 వేలతో మూడు నాలుగు అప్లికేషన్ ఫీజులన్నా వస్తాయి. సమయం కూడా అక్కడ పెట్టించండి. లెక్చరర్లు ఇచ్చే సిఫారసు ఉత్తరాలు ఒకే మూసలో ఉంటే పనికిరావు. అమ్మాయి ప్రాజెక్టు ఎవరు చూశారో వాళ్ల దగ్గరికే వెళ్లి, ఏం చేసిందో గుర్తు చేసి రాయించుకోవాలి. ఎస్‌ఓపీ, అంటే ఈ చదువు ఎందుకో తన మాటల్లో రాసుకునే వ్యాసం, ఎవరి చేతో డబ్బిచ్చి రాయించొద్దు. పొగాకు పొలం నుంచి వచ్చిన అమ్మాయి ఆకు ఎండబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని వేడి చూసిన సంగతి రాస్తే, ఆ కాగితం వంద కాగితాల్లో కనబడుతుంది. కన్సల్టెన్సీ వాళ్లు రాసేది నాకు చిన్నప్పటినుంచీ కంప్యూటర్లంటే ఇష్టం అని మొదలవుతుంది. నేను ఆఫీసులో పనిచేసిన ఆ ఒక్క శీతాకాలంలోనే అలాంటివి ఎన్ని చూశానో.

*

"మేడమ్, మొదటిసారి వెర్బల్ 157, క్వాంట్ 161. రెండోసారి వెర్బల్ 151, క్వాంట్ 168. రెండింట్లో మంచివి కలిపితే 325 అవుతుంది. అలా కలిపి పంపమని ఈటీఎస్‌ను అడగవచ్చా?"
— బీటెక్ విద్యార్థిని, ఒంగోలు

అడగవచ్చు, వాళ్లు కలపరు. ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్‌లో మంచివి ఏరి మైబెస్ట్ స్కోరు అని వాళ్లే చూపిస్తారు, దాన్ని చూసి అందరూ జీఆర్ఈలోనూ ఉందనుకుంటున్నారు. జీఆర్ఈలో లేదు. కానీ నీకు రెండూ పంపే దారి ఉంది. ఇలాంటి సందర్భంలో రెండూ పంపడమే తెలివైన పని. కలుపుకునే యూనివర్సిటీ అయితే 325 చూస్తుంది. కలుపుకోనిది అయితే 319 చూస్తుంది, అందులో క్వాంట్ 168 ఉంది కాబట్టి ఇంజినీరింగ్ విభాగానికి నష్టం లేదు. నువ్వు ఏ కోర్సుకు వెళ్తున్నావో రాయలేదు. పబ్లిక్ పాలసీ, జర్నలిజం లాంటివి అయితే 157 వెర్బల్ కూడా వాళ్ల కంట పడాలి, అప్పుడు రెండూ తప్పక పంపు.

అప్లికేషన్‌లో స్కోరు నువ్వే టైప్ చేసే గడిలో మాత్రం 325 అని రాయకు. ఏ తేదీకి ఎంతో అంతే రాయాలి. అసలు కాగితంతో అది సరిపోలకపోతే అప్పుడు పడుతుంది మచ్చ.

ఇంకోమాట. ఈ వెసులుబాటు ప్రతి పరీక్షకూ ఉందనుకోవద్దు. లా స్కూళ్లకు రాసే ఎల్‌శాట్‌లో మామూలుగా రాసిన స్కోర్లన్నీ వెళ్తాయి. మీ హాస్టల్లో ఎవరికైనా సలహా ఇచ్చేటప్పుడు ముందు ఏ పరీక్షో అడిగి ఇవ్వు.

*

"పరీక్ష చివర స్కోరు క్యాన్సిల్ చేయాలా అని స్క్రీన్ మీద అడుగుతారట. బాగా రాయలేదనిపిస్తే క్యాన్సిల్ చేయడం మంచిదా?"
— ఒక పాఠకురాలు, ఆత్మకూరు

చేయకు. స్కోరు చూడకముందే అడుగుతారు అది. క్యాన్సిల్ చేస్తే స్కోరు నీకూ కనిపించదు. 21 రోజుల ఆగుడు, ఏడాదికి ఐదుసార్ల లెక్క మాత్రం తప్పవు. నచ్చకపోతే పంపకుండా ఉండే వీలున్నప్పుడు క్యాన్సిల్ ఎందుకు? పైగా పరీక్షలో బాగా రాయలేదు అనిపించడాన్ని నమ్మకూడదు. రెండో సెక్షన్ కష్టంగా ఉంటే మొదటిది బాగా చేశావన్నమాట. మా కాలేజీ పాత విద్యార్థిని ఒకమ్మాయి కళ్లనీళ్లతో క్యాన్సిల్ నొక్కేసి నాకు ఫోన్ చేసింది. పరీక్ష తేదీ నుంచి 60 రోజుల్లోపు ఫీజు కట్టి తిరిగి తెప్పించుకోవచ్చని చెప్పాను. తెప్పించుకుంది. 317.

*

"నేను 2020 నవంబరులో జీఆర్ఈ రాసి 318 తెచ్చుకున్నాను. తర్వాత బెంగళూరులో ఉద్యోగంలో పడి వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లాలనుకుంటున్నాను. పాత పరీక్ష పెద్దది, కొత్తది చిన్నది కదా, పాత స్కోరు చెల్లుతుందా?"
— మార్కాపురం పాఠకుడు

పరీక్ష చిన్నదయినా కొలబద్ద మారలేదు, 130 నుంచి 170 అలాగే ఉంది. చిక్కు అది కాదు. జీఆర్ఈ స్కోరుకు ఆయుష్షు పరీక్ష తేదీ నుంచి ఐదేళ్లు. మీది 2025 నవంబరు వరకే. అది దాటాక వేసే అప్లికేషన్ అయితే 318 లెక్కలోకి రాదు, మళ్లీ రాయాల్సిందే. ఉద్యోగం చేస్తూ చదవడం కష్టమే కానీ, ఐదేళ్లు జీతం లెక్కలు చూసుకున్నవాళ్లకు క్వాంట్ అంత భయపెట్టదు.

*

"అమ్మా, మాది నెల్లూరు రంగనాయకులపేట. మా అబ్బాయి అసలు జీఆర్ఈ రాయనంటున్నాడు. ఇప్పుడు ఎవరూ అడగడం లేదంట. మా పక్కింటావిడ కొడుకు రెండుసార్లు రాసి వెళ్లాడు. రాయకపోతే వీడికి విలువ ఉంటుందా అని భయం. నేను పోయిన మొహర్రానికి రొట్టెల పండగలో వాడి కోసం విద్యా రొట్టె పట్టుకున్నాను."
— ఒక అమ్మ

మీ అబ్బాయి చెప్పింది సగం నిజం. 2020లో కరోనా వచ్చి సెంటర్లు మూతపడ్డాక చాలా విభాగాలు జీఆర్ఈని పక్కన పెట్టాయి. కొన్ని మళ్లీ తెచ్చాయి, చాలా తేలేదు. విభాగం పేజీలో మూడు రకాల మాటల్లో ఒకటి ఉంటుంది. తప్పనిసరి అంటే రాయాలి. ఇష్టమైతే పంపవచ్చు అంటే, మంచిది వస్తే పంపి, రాకపోతే మానుకోవచ్చు. చూడము అని రాసి ఉంటే 340కి 340 వచ్చినా వాళ్లు తెరవరు. వాడు అప్లై చేయాలనుకునే ఎనిమిదో పదో చోట్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, ప్రతి పేరు పక్కనా ఈ మూడింట్లో ఏదో రాసి మీకు చూపించమనండి. ఆ కాగితంలో తప్పనిసరి అన్న మాట ఒక్కచోట కూడా లేకపోతే వాణ్ణి వదిలేయండి. సీజీపీఏ ఎనిమిది లోపు ఉంటే మాత్రం ఇష్టమైతే అన్నచోట్ల మంచి క్వాంట్ కాస్త ఆసరా అవుతుంది, అప్పుడు ఒకసారి రాయమనండి.

ఇంట్లోనే కంప్యూటర్ మీద రాసే వీలు కూడా ఉంది. గదిలో ఒక్కడే ఉండాలి, తలుపు మూసి ఉండాలి, చిత్తు లెక్కలకు మామూలు కాగితం కుదరదు, చెరిపే వీలున్న చిన్న తెల్లబోర్డు లాంటిది కావాలి. మీ పేటలో పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం వద్దు. బాజాలు ఆగవు, కరెంటు ఆగుతుంది. చెన్నైకి రైలెక్కించండి, మూడు గంటల ప్రయాణం.

పక్కింటి అబ్బాయి ఎన్నిసార్లు రాశాడో అతను చేరిన యూనివర్సిటీకే తెలిసి ఉండదు. మీకు తెలిసింది. ఆ సంగతి రొట్టెల పండగ జరిగే స్వర్ణాల చెరువు గట్టున ఎవరితోనూ అనకండి. మీ అబ్బాయికి సీటొస్తే కోరిక తీరినట్టే, వచ్చే మొహర్రంలో రొట్టె ఇవ్వాల్సింది మీరే. నేనూ వస్తాను, మా రెండోవాడికి పట్టుకోవాలి.